లెక్క తేలిన లాటరీ: ‘జెర్రీ అండ్ మార్జ్ గో లార్జ్’

లాటరీ సినిమా అనగానే మనకి తట్టే కథ ఒక్కటే. లేనివాడికి టికెట్ తగులుతుంది. తెల్లారేసరికి ఎక్కడెక్కడి చుట్టాలో గుమ్మంలో ఉంటారు. ఆ డబ్బు వల్ల ఇల్లు చీలుతుంది, చివరికి ఎవరో ఒక పెద్దమనిషి డబ్బు కన్నా మనుషులు ముఖ్యమని చెప్పి కళ్ళు తుడుస్తాడు. ‘జెర్రీ అండ్ మార్జ్ గో లార్జ్’లో అవేవీ లేవు. ఇందులో ఎవరికీ అదృష్టం తలుపు తట్టదు. రిటైరైన ఒకాయన కాగితం మీద లెక్క వేస్తాడు. లెక్క నిలుస్తుంది. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ గంటల తరబడి మెషీన్ ముందు నిలబడి టికెట్లు కొడతారు, రోజుల తరబడి కూర్చుని వాటిని ఏరుకుంటారు. లాటరీ డబ్బుని కష్టపడి సంపాదించిన మనుషుల కథ నేను చూడటం ఇదే.

నేను ఎవరో చెప్తే ఈ సినిమా నాకెందుకు పట్టిందో తెలుస్తుంది. పాలకొల్లులో మా ఆయనా నేనూ కలిసి కిరాణా కొట్టు నడిపాం. ఆయన కాటా దగ్గర, నేను గల్లాపెట్టె దగ్గర. ఖాతా పుస్తకం నాదే. రాత్రి కొట్టు కట్టేముందు రోజు లెక్క తేలేదాకా ఇద్దరం లేచేవాళ్ళం కాదు. ఆయన మోకాళ్ళు మొరాయించడంతో కొట్టు వేరేవాళ్ళకి ఇచ్చేసి, ఇప్పుడు మిషిగన్ రాష్ట్రంలో కాంటన్ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. ఇక్కడ మా ఆయనకి పొద్దు గడవడమే పెద్ద పని. కొట్టు తెరిచే అలవాటుకి ఇంకా తెల్లవారుజామునే లేస్తాడు. లేచి ఏం చెయ్యాలో తెలీక వంటింట్లో డబ్బాలన్నీ వరసగా సర్ది, ఏది ఎంత ఉందో చీటీ రాసి ఫ్రిజ్‌కి అంటిస్తాడు. మా అల్లుడు ఇదంతా చూసే కాబోలు, “మావయ్య గారూ, ఇది మీరిద్దరూ చూడాల్సిన సినిమా, కథ కూడా ఈ రాష్ట్రంలోదే” అని పెట్టాడు.

సినిమా 2022 జూన్‌లో పారామౌంట్ ప్లస్ అనే ఓటీటీలో వచ్చింది. గంటన్నర మీద కాస్త, అంతే. దర్శకుడు డేవిడ్ ఫ్రాంకెల్. జెర్రీ, మార్జ్ సెల్బీ అనే దంపతులకి నిజంగా జరిగిన కథే ఇది. జెర్రీగా బ్రయాన్ క్రాన్‌స్టన్, మార్జ్‌గా అనెట్ బెనింగ్ వేశారు. మిషిగన్‌లో ఎవర్ట్ అని చిన్న ఊరు. రెండు వేలకి లోపే జనం. జెర్రీ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరవుతాడు. పిల్లలు బహుమతిగా పడవ కొనిపెడతారు. పడవ ఎక్కినా అతని బుర్ర ఊరుకోదు. లెక్కలు తప్ప ఇంకేదీ చేతకాని మనిషి. మనుషులతో నాలుగు మాటలు కలపడం రాదు, కన్నకొడుకుతో కూడా పొడి మాటలే. అలాంటివాడి కళ్ళకి ఒకరోజు విన్‌ఫాల్ అనే లాటరీ ఆట నియమాల కాగితం పడుతుంది.

ఇక్కడే సినిమా తొందరపడింది. కాగితం మీద అంకెలు చకచకా రాసి, పక్కనున్నవాళ్ళు ఆశ్చర్యపోయి, సీను అయిపోతుంది. మా అమ్మాయి “ఏదో కనిపెట్టాడులే అమ్మా” అని సరిపెట్టుకుంది. మా ఆయన మాత్రం ఆపమన్నాడు. ఆ లెక్క తెలిస్తేనే సినిమాకి రుచి, అందుకని నాకు అర్థమైనంతవరకు ఇక్కడ చెప్తాను.

ఆరు నంబర్లు ఎంచుకోవాలి. టికెట్ ఒక డాలరు. ఆరూ కలిస్తే జాక్‌పాట్. మామూలు లాటరీలో జాక్‌పాట్ ఎవరికీ తగలకపోతే ఆ సొమ్ము పైపైకి పెరుగుతూ పోతుంది. విన్‌ఫాల్‌లో ఒక మెలిక పెట్టారు. జాక్‌పాట్ 5 మిలియన్ డాలర్లు దాటాక కూడా ఆరు నంబర్లు ఎవరికీ కలవకపోతే, ఆ సొమ్ముని కిందికి దించి ఐదు, నాలుగు, మూడు నంబర్లు కలిసినవాళ్ళకి పంచేస్తారు. దాన్ని రోల్ డౌన్ అంటారు. జనం ఎగబడి కొనాలని పెట్టుకున్న ఏర్పాటు అది, కాబట్టి ఆ రోజు ఎప్పుడొస్తుందో వాళ్ళే చాటి చెప్తారు. మామూలు రోజుల్లో మూడు నంబర్లు కలిస్తే 5 డాలర్లు, నాలుగు కలిస్తే 100. రోల్ డౌన్ రోజున అవి సుమారు 50, 1,000 అవుతాయి.

ఇప్పుడు 1,100 డాలర్లు పెట్టి 1,100 టికెట్లు కొన్నాడనుకోండి. అన్నింట్లో నాలుగు నంబర్లు కలిసేది సగటున ఒకటి ఉంటుంది. అది 1,000. మూడు కలిసేవి 18, 19 ఉంటాయి. అవి ఇంకో 900 పైన. పెట్టింది 1,100, తిరిగొచ్చేది 1,900. జాక్‌పాట్ జోలికే పోనక్కర్లేదు. ఏ నంబర్లు వస్తాయో ఊహించనక్కర్లేదు. మెషీన్ ఇచ్చిన నంబర్లు ఏవైనా ఒకటే.

ఇందులో ఒక్క షరతు ఉంది, ఎక్కువ కొనాలి. నిజం జెర్రీ మొదటిసారి 2,200 డాలర్లు పెడితే 2,150 తిరిగొచ్చాయి. యాభై నష్టం. వేరేవాళ్ళయితే అక్కడితో చాలించేవారు. అతను మాత్రం లెక్క సరైందే, కొన్న టికెట్లే చాలలేదు అనుకున్నాడు. సినిమాలోనూ మొదటిసారి నష్టమే చూపించారు, బాగా చేశారు. కందిపప్పు బస్తాలోంచి గుప్పెడు తీసి చూస్తే రాళ్ళు తగలొచ్చు, తగలకపోవచ్చు. నాలుగు బస్తాలు జల్లెడ పడితే మాత్రం బస్తాకి ఎన్ని రాళ్ళో ఖాయంగా చెప్పొచ్చు. అతని ధైర్యం ఆ రెండోరకం లెక్క ఇచ్చిన ధైర్యం. తర్వాత 8,000 పెట్టినప్పుడు దాదాపు రెట్టింపు వచ్చింది.

ఆ ఎనిమిది వేలూ భార్యకి చెప్పకుండా పెట్టాడు. ఆ సంగతి బయటపడే సీను సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు. మగవాడు ఇంట్లో చెప్పకుండా డబ్బు తీసి లాటరీలో పెట్టాడంటే మన సినిమాల్లో ఏం జరుగుతుందో తెలుసు. ఇక్కడ మార్జ్ వింటుంది. విని, ముందు లెక్క అర్థం చేసుకుంటుంది. తర్వాత ఆమె ముఖం వెలుగుతుంది. ఆ వెలుగు డబ్బొచ్చినందుకు కాదు. ఇన్నేళ్ళకి ఇద్దరం కలిసి చేసే పని ఒకటి దొరికిందని. అనెట్ బెనింగ్ ఆ మార్పంతా కళ్ళలోనే చూపించింది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయాక, మొగుడు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక, ఒకే ఇంట్లో ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఉండిపోతారు. దాన్ని ఎవరూ గొడవ అనరు. తిండీ నిద్రా బాగానే ఉంటాయి. మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. కొట్టు ఇచ్చేశాక మాకూ అదే అయింది. పప్పు ధర పెరిగిందనో, ఫలానావాళ్ళ బాకీ ఇంకా రాలేదనో రోజంతా మాట్లాడుకున్న మనుషులం, ఇప్పుడు టీ తాగావా అంటే తాగాను అనుకుంటున్నాం. ఆ సీను నడుస్తున్నంతసేపూ మా ఆయన నా వైపు చూడలేదు. నాకు మాత్రం ఆయన మనసులో ఏముందో తెలుసు.

తర్వాత మిషిగన్‌లో ఆ ఆట మూసేస్తారు. మాసచూసెట్స్ రాష్ట్రంలో అలాంటిదే ఇంకొకటి ఉందని తెలిసి ఇద్దరూ బండి కట్టుకుని బయల్దేరతారు. అసలు సంగతి కూడా అదే, 2005లో మిషిగన్ ఆట ఆగింది, అక్కడి క్యాష్ విన్‌ఫాల్‌కి మారారు. అక్కడ టికెట్ 2 డాలర్లు, జాక్‌పాట్ 2 మిలియన్లు దాటితే రోల్ డౌన్. దాదాపు 900 మైళ్ళ ప్రయాణం. అంత దూరం పోయి వీళ్ళు ఏ పెద్ద నగరంలోనూ దిగలేదు. ఓ చిన్న ఊళ్ళో మందూ సోడాలూ అమ్మే కొట్టుకి వెళ్ళారు. సినిమాలో ఆ కొట్టు మనిషి బిల్‌గా రెయిన్ విల్సన్ వేశాడు. గడ్డం, విసుగు, కౌంటరు వెనక సగం నిద్ర. వచ్చినవాళ్ళు వేల టికెట్లు కావాలంటే మొదట నమ్మడు, నమ్మాక మెషీన్ వాళ్ళకే అప్పజెప్తాడు. కౌంటరు వెనక ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషి ఎలా ఉంటాడో అతను సరిగ్గా పట్టుకున్నాడు. కొనడానికి వచ్చినవాడి ముఖం చూడకుండా ముందు చేతుల వైపు చూస్తాడు. నేనూ అంతే చూసేదాన్ని.

టికెట్లు కొట్టే పని సినిమాలో హుషారైన పాటతో, చిన్న చిన్న ముక్కలుగా వెళ్ళిపోతుంది. నాకు అక్కడ ఆకలి తీరలేదు. ఆ సెల్బీ దంపతులు నిజంగా పడ్డ శ్రమ సినిమాలో చూపించినదానికి ఎన్నో రెట్లు. చివరి ఏళ్ళలో ఒక్కో ఆటకి 6 లక్షల డాలర్లు పెట్టేవాళ్ళు. టికెట్ రెండు డాలర్లంటే మూడు లక్షల టికెట్లు! వాటిని మెషీన్‌లో కొట్టించడం ఒక ఎత్తు, తర్వాత మోటెల్ గదిలో కూర్చుని ఒక్కో కాగితం చేత్తో తిప్పి, ఎక్కడ మూడు కలిశాయి, ఎక్కడ నాలుగు కలిశాయి అని చూసుకోవడం ఇంకో ఎత్తు. రోజుకి పది గంటలు, అలా పది రోజులు. కంప్యూటర్‌కి అప్పజెప్పలేదు. ఇద్దరి కళ్ళు, ఇద్దరి వేళ్ళు. డెబ్భై ఏళ్ళకి అటూ ఇటూగా ఉన్న మనుషులు!

ఓడిన టికెట్లు పారేశారా అంటే అదీ లేదు. రేపు ఆదాయపు పన్నువాళ్ళు వచ్చి అడిగితే చూపించడానికి పెద్ద పెద్ద ప్లాస్టిక్ తొట్టెల్లో పేర్చి, ఇంటి దగ్గర షెడ్డులో దాచారు. 18 మిలియన్ డాలర్ల ఖరీదు చేసే చెల్లని కాగితాలు. బిల్లుకి బిల్లు, చీటీకి చీటీ జాగ్రత్త చేసినవాళ్ళకి ఆ షెడ్డు విలువేమిటో తెలుస్తుంది. ఒక్క నిమిషం కెమెరాని ఆ తొట్టెల మధ్య నడిపించి ఉంటే సినిమా ఇంకో మెట్టు ఎక్కేది.

ఇంకో కొరత కూడా చెప్పాలి, ఇది నాకు కాస్త బాధే. సినిమాలో జెర్రీని ఫ్యాక్టరీ మనిషిని చేసేశారు. నిజంలో ఆయన కెలాగ్స్ కంపెనీలో పనిచేసినవాడే, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్టల సంగతులు చూసేవాడు. పోటీ కంపెనీ డబ్బా అడుగున అచ్చేసిన సంకేతాలు చూసి, అది ఏ ఫ్యాక్టరీలో ఎప్పుడు తయారైందో విప్పి చెప్పిన బుర్ర. కానీ ఆ తర్వాత 1984లో ఎవర్ట్ వచ్చి, భార్యాభర్తలిద్దరూ కలిసి ఊరి మధ్యలో కొట్టు కొనుక్కుని పదిహేడేళ్ళు నడిపారు. బ్రెడ్డు, మందు, సిగరెట్లు, లాటరీ టికెట్లు అన్నీ అమ్మే కొట్టు. ఆయన లెక్కలు, ఆమె దుకాణం పనులు. కొట్టు అమ్మేశాక 2003లో ఒకరోజు ఆ కొట్టుకే వెళ్ళి నిలబడితే, విన్‌ఫాల్ కాగితం కంటపడింది. వయసు అరవై నాలుగు.

ఇంత మంచి భాగాన్ని ఎందుకు తీసేశారో నాకు అర్థం కాదు. ఆ మనిషికి లాటరీ అంటే బెరుకు లేకపోవడానికి కారణం అదే కదా. ఏళ్ళ తరబడి కౌంటరుకి అవతలి వైపు నిలబడి, రోజూ ఎవరు ఎంతకి కొంటున్నారో, ఎవరు పోగొట్టుకుంటున్నారో చూశాడు. అమ్మినవాడికి తెలిసిన సంగతులు కొన్నవాడికి తెలియవు. మార్జ్ కూడా అందుకే అంత త్వరగా చేతులు కలిపింది. రోజంతా నిలబడటం, నోట్లు లెక్కపెట్టడం, చీటీలు కట్టలు కట్టడం ఆమెకి కొత్త కాదు. సినిమాలో ఆమె మంచి భార్యగా కనిపిస్తుంది. నిజంలో ఆమె సగం కొట్టు.

సరే, సినిమాకి తిరిగొస్తాను. వీళ్ళు లాభం ఒంటరిగా దాచుకోరు. ఒక కంపెనీ పెట్టి, ఊళ్ళోవాళ్ళకి వాటాలు అమ్ముతారు. ఇదీ నిజంగా జరిగిందే. కంపెనీ పేరు జీఎస్ ఇన్వెస్ట్‌మెంట్ స్ట్రాటజీస్, వాటా 500 డాలర్లు. పిల్లలు, స్నేహితులు, పోలీసులు, వకీళ్ళు, ఒక బ్యాంకు పెద్ద ఉద్యోగి, మొత్తం పాతిక మంది దాకా చేరారు. సినిమావాళ్ళు దాన్ని ఊరంతటి పండగ చేశారు, మూతపడ్డవి తెరుచుకుంటాయి, ఊళ్ళో మళ్ళీ సంగీతం మోగుతుంది. కొంచెం ఎక్కువే చేశారు. అయినా నేను దాన్ని తప్పుపట్టను, ఎందుకంటే ఈ వాటాల దగ్గరే ఈ కథ మిగతా లాటరీ కథలకి భిన్నంగా తిరిగింది.

2022లో కేరళ ఓణం బంపర్ 25 కోట్లు తిరువనంతపురంలో ఒక ఆటో డ్రైవర్‌కి తగిలింది గుర్తుందా? వారం తిరక్కుండానే, సాయం అడిగేవాళ్ళ తాకిడికి ఇంట్లో ఉండలేకపోతున్నాననీ, మొదటి బహుమతి రాకపోయినా బాగుండేదనీ ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. పేపర్లో చదివి చాలా బాధపడ్డాను. ఒక్కడి మీద డబ్బు కురిస్తే మిగతావాళ్ళంతా అడిగేవాళ్ళే అవుతారు. ఎవర్ట్‌లో ఆ అవస్థ రాలేదు. చేరినవాడు తన సొంత 500 పెట్టాడు, నష్టం వస్తే తనకీ నష్టమే, లాభం వస్తే హక్కుగా పుచ్చుకున్నాడు. చెయ్యి చాచే పని ఎవరికీ లేదు. మంచి మనుషులు కాబట్టి అంతా బాగా జరిగిందని సినిమా చెప్తుంది. నేనైతే, పద్ధతి సరిగ్గా పెట్టారు కాబట్టి మనుషులు మంచిగా ఉండగలిగారు అంటాను. పదిమంది సొమ్ము చేతిలో పెట్టుకున్నవాడికి పుస్తకం శుభ్రంగా ఉండాలి. జెర్రీ పుస్తకం శుభ్రంగా ఉంది. లారీ విల్మోర్ వేసిన అకౌంటెంట్ స్నేహితుడి పాత్ర తక్కువసేపే ఉన్నా నాకు అందుకే నచ్చింది.

నచ్చనిది హార్వర్డ్ కుర్రాళ్ళ గొడవ. జెర్రీ కనిపెట్టిన కిటుకే అక్కడ కొందరు విద్యార్థులు కూడా కనిపెడతారు. వాళ్ళ నాయకుడు టైలర్ పొగరు మనిషి, ముసలాయన్ని బెదిరిస్తాడు. అతను తెర మీదకి వచ్చినప్పుడల్లా సినిమా మామూలైపోతుంది. పెద్దవాళ్ళు మంచివాళ్ళు, చదువుకున్న కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు అని గీత గీసేశారు. అసలు జరిగింది ఇంతకన్నా ఎంతో ఆసక్తిగా ఉంది. నిజంలో వాళ్ళు ఎంఐటీ అనే వేరే యూనివర్సిటీ విద్యార్థులు, చదువులో భాగంగా లాటరీల మీద పరిశీలన చేస్తూ దీన్ని పట్టుకున్నారు. 2010 ఆగస్టులో ఏం చేశారంటే, జాక్‌పాట్ ఇంకా 2 మిలియన్లకి చేరకముందే, ఎవరూ ఎదురుచూడని సమయంలో, తామే సుమారు 7 లక్షల టికెట్లు కొనేసి, జాక్‌పాట్‌ని గీత దాటించి రోల్ డౌన్ తెప్పించారు. ప్రకటన ఏదీ రాలేదు కాబట్టి జెర్రీ బృందంతో సహా మిగతా పెద్ద బృందాలేవీ ఆ రోజు ఆడలేదు. లాభంలో ఎక్కువ భాగం వాళ్ళకే పోయింది. బెదిరింపులు, కొట్లాటలు ఏమీ లేకుండా, కేవలం లెక్కతో కొట్టిన దెబ్బ అది. ఒక లెక్కల మనిషికి ఇంకో లెక్కల బృందం ఎదురుపడితే ఎంత బాగుండేది! ఆ కథ చేతిలో ఉండగా దాన్ని వదిలి కుర్రాడి చేత కళ్ళెర్ర చేయించారు.

బోస్టన్ గ్లోబ్ పత్రిక 2011లో ఈ వ్యవహారం బయటపెట్టింది, 2012 మొదట్లో ఆట ఆపేశారు. మోసం జరిగిందా? ప్రభుత్వ వ్యవహారాల్లో అవకతవకల్ని చూసే ఆ రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారణ చేసి, కొన్ని కొట్ల దగ్గర మెషీన్ల వాడకంలో నియమాలు సడలించారని చెప్పారు గానీ, చట్టం తప్పిన నేరం ఏదీ లేదని, మామూలుగా ఆడేవాళ్ళ గెలుపు అవకాశం వీళ్ళ వల్ల తగ్గలేదని తేల్చారు. ప్రతి టికెట్ మీదా రాష్ట్రానికి వాటా ఉంటుంది కాబట్టి ఈ ఆట వల్ల ఖజానాకి సుమారు 120 మిలియన్లు వచ్చాయి. జెర్రీ బృందానికి తొమ్మిదేళ్ళలో వచ్చిన మొత్తం 26 మిలియన్లు దాటినా, ఖర్చులు పోగా పన్నుకి ముందు మిగిలింది 8 మిలియన్లకి దగ్గర. అది కూడా అందరికీ కలిపి. ఆ దంపతులు తమ వాటాతో ఇల్లు బాగుచేయించుకుని, మనవల చదువులకి సాయం చేశారు. సినిమా చివరి భాగాన్ని నేను చెప్పను. చూడండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ఇది చూసి మనమూ ఏదైనా ఆడదాం అని ఎవరూ అనుకోకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు లాటరీలు లేవు. ఒకప్పుడు మా బస్టాండ్ దగ్గర గొడుగు కింద బల్ల వేసుకుని, తాడుకి వరసగా టికెట్లు వేలాడదీసి అమ్మేవాళ్ళు. సాయంత్రానికి అక్కడ గుమిగూడే రిక్షావాళ్ళ, హమాలీల ముఖాలు నాకు గుర్తున్నాయి. మా కొట్లో బాకీ తీర్చలేనివాళ్ళు కొందరు ఆ బల్ల దగ్గర మాత్రం తప్పకుండా కనిపించేవాళ్ళు. ఇప్పుడు అదే జబ్బు ఫోన్లోకి వచ్చింది, రకరకాల పేర్లతో. జెర్రీ ఆడిన ఆట ఆడించేవాడే రాసుకున్న నియమం వల్ల, ఏడాదిలో కొన్ని రోజులు మాత్రమే కొనేవాడి వైపు మొగ్గింది. మిగతా రోజుల్లో అతను ఒక్క టికెట్ కూడా కొనేవాడు కాదు. ఆ సంగతి సినిమా ఇంకా స్పష్టంగా చెప్పాల్సింది. సినిమా చూసిన మర్నాడు మా ఆయన ఇక్కడి పెట్రోలు బంకుకి వెళ్ళి, లాటరీ కాగితాలన్నీ తెచ్చుకుని, నా కళ్ళజోడు కూడా తీసుకుని, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నవన్నీ మా అమ్మాయి చేత తెలుగులో చెప్పించుకున్నాడు. ఇద్దరం కూర్చుని ఒక్కోదానికి లెక్క కట్టాం. ఏ ఒక్కటీ మన వైపు మొగ్గలేదు. ఒక్క టికెట్ కూడా కొనలేదు. కానీ ఆ మధ్యాహ్నం మేము ఎంతసేపు మాట్లాడుకున్నామో!

చూడబోయేవాళ్ళకి కొన్ని సంగతులు. పిల్లలతో కూర్చుని చూడొచ్చు, ఇబ్బంది పెట్టే సీన్లు లేవు, అక్కడక్కడా కాస్త ముతక మాటలు ఉన్నాయి. మలుపులు, ఉత్కంఠ కావాలనుకునేవాళ్ళకి నీరసంగా అనిపిస్తుంది, మా అల్లుడే మధ్యలో రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు. ఇంగ్లీషు మాటలు తేలిగ్గానే ఉంటాయి. నాలాగా నెమ్మదిగా అర్థం చేసుకునేవాళ్ళు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే చాలు, మార్జ్ కొన్ని మంచి మాటలు చాలా మెల్లగా అంటుంది, అవి జారిపోకూడదు. జెర్రీ కాగితం మీద రాసే చోట తప్పకుండా ఆపి, నేను పైన చెప్పిన 1,100 టికెట్ల లెక్క పక్కనున్నవాళ్ళకి చెప్పండి. మిగతా సినిమా అంతా ఇంకోలా కనిపిస్తుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. హార్వర్డ్ కుర్రాళ్ళు లేకుండా, ఎవర్ట్ కొట్టు ఉండి ఉంటే ఐదూ ఇచ్చేదాన్ని. మీ ఇంట్లో ఈమధ్యే ఉద్యోగమో వ్యాపారమో మానేసిన అమ్మానాన్నలుంటే వాళ్ళకి పెట్టి, మీరు పనుందని లేచి వెళ్ళకండి. సినిమా అయ్యాక వాళ్ళు మాట్లాడటం మొదలుపెడతారు, అప్పుడు మీరు అక్కడ ఉండాలి.